కరోనా అనే పెద్ద జబ్బు కాలాన్ని బొమ్మల పుస్తకంతో చిన్నపిల్లలకు చెప్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

2020లో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వస్తున్నారు. అమ్మ ఫోన్‌లో పాత ఫొటోలు చూసి "అందరూ మూతికి బట్ట ఎందుకు కట్టుకున్నరు?" అని అడుగుతున్నారు. వాళ్ల అన్నలకూ అక్కలకూ సగం సగం గుర్తుంది. ఆ సగమే ఎక్కువ భయపెడుతుంది. ఇప్పటికీ వానాకాలంలో ఊళ్లో జ్వరాలు మొదలైతే చాలు, "మల్ల బడి బంద్ పెడతరా?" అని వచ్చి అడుగుతారు.

నేను దేవరకొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చదువు చెప్తాను. బళ్లు మూసి ఉండడంతో 2020 సెప్టెంబర్ 1న టీవీ పాఠాలు మొదలయ్యాయి కానీ అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఒకటి, రెండు తరగతుల పిల్లల కోసం, అంగన్‌వాడీ పిల్లల కోసం నేను అరుగుల మీద బొమ్మల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నాను. అప్పటినుంచి తల్లులూ అంగన్‌వాడీ టీచర్లూ నన్ను అడుగుతున్నది ఒకటే: "పుస్తకం తెచ్చినం, చదివినం, పిల్ల ఇంకా ఎక్కువ భయపడ్డది. ఎక్కడ తప్పు జరిగింది?"

చాలాసార్లు తప్పు పుస్తకంలో ఉండదు, చదివిన వరుసలో ఉంటుంది. పిల్ల తన మనసులోది బొమ్మ మీద పెట్టి చెప్పుకోకముందే మనం సమాధానం చెప్పేస్తాం. ముందు పిల్ల మాట, తర్వాత పుస్తకం మాట, చివర మన మాట. కింద ఉన్నదంతా ఈ వరుసను ఎలా నిలబెట్టాలన్నదే. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాశాను.

1. పుస్తకం తెరవకముందు పిల్లకు ఏం తెలుసో వినండి

రెండు మూడు రోజులు ఊరికే వినండి. ఆటలో ఎవరికి "కరోనా వచ్చింది" అంటున్నారు, బొమ్మకు సూది ఎలా వేస్తున్నారు, ఎవరిని దూరం కూర్చోమంటున్నారు, ఇవన్నీ చెవిన పడతాయి.

తర్వాత పని చేసుకుంటూనే ఒక ప్రశ్న అడగండి. చిక్కుడుకాయలు తుంచుతూనో, జడ వేస్తూనో అడగొచ్చు. ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు.

- "అప్పుడు బడి ఎందుకు మూసిండ్రు, నీకు తెలుసా?"
- "కరోనా అంటే ఎట్లుంటదనుకుంటున్నవ్?"
- "ఇంట్ల ఎవరికన్నా జ్వరం వస్తే నీకు ఏమనిపిస్తది?"

పిల్ల ఏ మాట వాడిందో ఆ మాటే కాగితం మీద రాసుకోండి. దిద్దొద్దు. "తెల్వదు" అంటే అక్కడితో ఆపి, మరో రోజు చూడండి.

2. ఏ మాట వాడాలో ముందే తేల్చుకోండి

ఈ మెట్టును అందరూ దాటేస్తారు. నేనూ దాటేశాను. మొదటి వారంలో ఒక ఐదేళ్ల బాబుకు "వైరస్ అంటే కంటికి కనబడని పురుగు" అని చెప్పాను. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. వాళ్లమ్మ చాటలో బియ్యం పోసి పురుగులు ఏరడం వాడు రోజూ చూస్తాడు. కనబడేవి అమ్మ ఏరేస్తుంది, కనబడనివి అన్నంలోనే ఉండిపోతాయి కదా అని వాడి లెక్క. లెక్క సరైనదే. నా మాటే తప్పు.

అందుకే ఇప్పుడు "వైరస్" అనే అంటాను. టీవీలో, ఇంట్లో వాళ్లు విన్నది ఆ మాటే. "చాలా చాలా చిన్నది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, దగ్గరగా మాట్లాడినప్పుడు ఒకరి నుంచి ఇంకొకరికి పోతది. దానికి కాళ్లు లేవు, కొరికే పండ్లు లేవు, కోపం లేదు" అని చెప్తాను. ఆ చివరి మూడూ చెప్పడం మరిచిపోవద్దు.

జాగ్రత్తగా వాడాల్సిన మాటలు మరికొన్ని:

- మహమ్మారి: పెద్దలకు ఇది మామూలు వార్తల మాట. పిల్లల చెవికి బూచిలా, కోపం వచ్చిన అమ్మవారిలా వినిపిస్తుంది. "ఊరూరికీ, దేశదేశాలకీ పాకిన జబ్బు" అనండి.
- క్వారంటైన్: మాట వాడొచ్చు, కానీ వెంటనే "జబ్బు ఉందో లేదో తెలిసేదాకా విడిగా ఉండుడు" అని చెప్పండి. లేదంటే పిల్లలు దాన్ని శిక్ష అనుకుంటారు.
- "నిద్రపోయిండు" (చనిపోయినవాళ్ల గురించి): ఆ రాత్రి నుంచి పిల్ల పడుకోవడానికి భయపడుతుంది.
- "ఊరికి పోయిండు": మన వైపు ఈ మాట అసలే వద్దు. దేవరకొండ, పాలమూరు వైపు పిల్లలకు ఊరికి పోవడమంటే నాయన ముంబైకో పుణెకో పనికి పోవడం, పండుగకు తిరిగి రావడం. తాత ఊరికి పోయాడని చెప్తే పిల్ల ప్రతి దసరాకూ బస్సు దగ్గర ఎదురు చూస్తుంది.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడేలా ముందే మాట్లాడుకోండి. అమ్మ ఒకటి, నాయనమ్మ ఒకటి చెప్తే పిల్ల రెండింటినీ కలిపి మూడోది తయారు చేసుకుంటుంది.

3. పుస్తకం ఎంచుకోవడం

పేరులో కరోనా ఉండాల్సిన పని లేదు. బయటికి పోలేక ఇంట్లో చిక్కుకున్న పిల్లి కథ, జ్వరం తగ్గిన పాప కథ, దూరంగా ఉన్న అమ్మమ్మకు ఉత్తరం రాసిన కథ అంతే పని చేస్తాయి. భయం బాగా ఉన్న పిల్లకు ఇలాంటి పక్కదారి కథతో మొదలుపెట్టడమే మేలు.

దొరికే చోట్లు: ప్రథమ్ బుక్స్‌వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. అక్కడ కథలకు నాలుగు స్థాయిలు ఉంటాయి. మొదటి స్థాయిలో మాటలు 250 లోపే. మూడు, నాలుగేళ్ల పిల్లలకు అది చాలు. ఐదు, ఆరేళ్లకు రెండో స్థాయి, ఆపై పిల్లలకు మూడో స్థాయి చూడండి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ తక్కువ ధరకే తెలుగు బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. మీ ఊరి బడి బీరువా కూడా ఒకసారి తెరిపించి చూడండి. చాలా బళ్లలో మంచి పుస్తకాలు తాళం వెనకే ఉంటాయి.

చేతిలోకి తీసుకున్నాక ఇవి చూసుకోండి:

- వైరస్‌కు కోరలు, ఎర్రకళ్లు గీశారా? గీసి ఉంటే పక్కన పెట్టండి. రోగాన్ని రాక్షసిగా చూపిస్తే రోగం వచ్చిన మనిషి కూడా పిల్ల కంటికి రాక్షసి ఇల్లే అవుతాడు.
- "మాట వినలేదు, అందుకే జబ్బు వచ్చింది" అన్న కథా? వద్దు.
- బొమ్మల్లో ఇల్లు ఎలా ఉంది? ప్రతి పిల్లకూ వేరే గది, బాల్కనీ ఉన్న పుస్తకమైతే ఒక్క గది ఇంటి పిల్ల "మనకు గది లేదు, మరి మనకు జబ్బు వస్తదా?" అని ఆలోచిస్తుంది. అలాంటి పుస్తకం తప్ప మరోటి దొరక్కపోతే, మన ఇంట్లో ఏ మూల విడిగా పడుకున్నారో మీరే కలిపి చెప్పండి.
- ఒక పేజీలో మాటలు ఎన్ని? మీరు చదివేలోగా పిల్ల బొమ్మ చూడడం అయిపోతే మాటలు ఎక్కువైనట్టు.
- చివరి పేజీలో పక్కన ఎవరైనా ఉన్నారా? జబ్బు పూర్తిగా పోయినట్టు చూపకపోయినా పరవాలేదు. పిల్ల ఒక్కతే మిగిలిపోయిన బొమ్మతో పుస్తకం ముగియకూడదు.

4. ముందు మీరొక్కరే చదవండి

ఏ పేజీ దగ్గర మీ గొంతు ఆగుతుందో తెలుసుకోవడానికి ఇది. 2021 ఎండాకాలంలో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు దవాఖాన మంచం బొమ్మ చూస్తేనే ఏడుపు వస్తుంది. పిల్ల ముందు కళ్లు తుడుచుకుంటే తప్పేమీ లేదు. "నాకు తాత యాదికొచ్చిండు" అని కారణం చెప్పండి చాలు. కారణం చెప్పని ఏడుపుకే పిల్లలు బెదురుతారు.

5. వేళ, చోటు

పగలు, వెలుతురులో చదవండి. పొద్దున ఆటకు ముందో, సాయంత్రం స్నానం తర్వాతో మంచిది. పడుకునే ముందు ఈ పుస్తకాలు వద్దు. టీవీలో వార్తలు నడుస్తున్నప్పుడు అసలే వద్దు.

పది పదిహేను నిమిషాలు చాలు. పిల్ల ఒళ్లో కానీ పక్కన కానీ ఉండాలి, పేజీ తిప్పేది పిల్ల చెయ్యే కావాలి. అంగన్‌వాడీలో అయితే ఆరేడుగురికి మించి కూర్చోబెట్టొద్దు. వెనక కూర్చున్న పిల్లకు బొమ్మ కనబడకపోతే మాట మాత్రమే వినబడుతుంది, మాటకు బొమ్మ వాళ్లే ఊహించుకుంటారు. ఆ ఊహ ఎప్పుడూ పుస్తకంలో బొమ్మ కంటే భయంకరంగానే ఉంటుంది.

6. చదివే వరుస: మూడు రోజులు, మూడుసార్లు

మొదటి రోజు, బొమ్మలు మాత్రమే. అక్షరాల మీద చెయ్యి పెట్టి మూసేయండి. ఒక్కో బొమ్మ దగ్గర "ఏం కనబడుతుంది?" అని అడిగి ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. మౌనం మనకు కష్టంగా ఉంటుంది, పిల్లకు ఉండదు.

ఒక రోజు నా పక్కన నాలుగేళ్ల పాప కూర్చుంది. బొమ్మలో కిటికీ లోపల ఒక ముసలమ్మ, బయట ఒక పిల్ల. పాప కిటికీ ఊచల మీద వేలు పెట్టి "జైలు" అంది. "కాదమ్మా, క్వారంటైన్" అనబోయి ఆగాను.

"జైల్ల ఎవరున్నరు?"
"అవ్వ."
"అవ్వ ఏం చేసింది?"
పాప వేలితో ఊచ మీద రెండుసార్లు గీసింది. "నాకు ముద్దు పెట్టింది."

వాళ్ల అవ్వకు జ్వరం వచ్చి కొట్టంలో విడిగా ఉంచినప్పుడు, ఎవరో "పిల్లను ముద్దులాడొద్దు అంటే వినవు" అని కసురుకున్నారట. పాప దాన్ని అలా దాచుకుంది. నేను క్వారంటైన్ అర్థం చెప్పి ఉంటే ఆ ముద్దు సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

ఇలాంటి మాట వచ్చినప్పుడు "అయ్యో, అట్ల కాదు" అని కొట్టిపారేయొద్దు. "నీ వల్ల రాలేదు" అని ఒట్టు కూడా పెట్టొద్దు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మనకు తెలియదు. నేను అన్నది ఇది: "జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెల్వదు. ముద్దు పెట్టుడు తప్పు కాదు. అవ్వ తప్పు లేదు, నీ తప్పు లేదు." తర్వాత అదే బొమ్మలో గడప దగ్గరున్న గిన్నె చూపించి "ఇది ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాను. పాప చాలాసేపు చూసి "అమ్మ. రొట్టె పెట్టింది. జైల్ల రొట్టె పెట్టరు" అంది. జైలు కాదని తానే తేల్చుకుంది.

రెండో రోజు, మాటలతో. ఇప్పుడు అక్షరాలు చదవండి. పుస్తక భాష పిల్లకు దూరంగా ఉంటే మీ ఇంటి మాటలోకి మార్చి చదవండి. "వృద్ధురాలు" అని ఉంటే "అవ్వ" అనండి. తండాలో అయితే ఒకసారి లంబాడీలో, ఒకసారి తెలుగులో చెప్పండి. నిన్న పిల్ల చెప్పిన మాటను కలపండి: "నిన్న నువ్వు జైలు అన్నవ్ కదా, చూద్దాం పుస్తకం ఏమంటుందో."

మూడో రోజు, ప్రశ్నలు పిల్లవి. "ఈ బొమ్మల పాపను నువ్వేమన్నా అడుగుతవా?" అనండి. పిల్ల తన ప్రశ్నను ఆ పాప మీద పెట్టి అడుగుతుంది. "నీకు సూది నొప్పి పెట్టిందా?" అని అడిగితే అది తన సూది గురించే. సమాధానం కూడా బొమ్మలోని పాప చెప్పినట్టే చెప్పండి.

మూడు రోజులూ వరుసగానే కావాలని లేదు. మొదటి రోజే పిల్ల పుస్తకం మూసేస్తే, మూసేయనివ్వండి. అందే ఎత్తులో పెట్టండి, తనే తెస్తుంది.

7. కష్టమైన ప్రశ్నలకు చిన్న జవాబులు

ఒక ప్రశ్నకు రెండు వాక్యాలు చాలు. ఇంకా కావాలంటే పిల్ల మళ్లీ అడుగుతుంది.

"నాకు గూడ వస్తదా?" – రావొచ్చు. వచ్చిన పిల్లల్లో చాలామందికి జ్వరం, దగ్గు వచ్చి తగ్గింది. నీకు వస్తే నేను పక్కనే ఉండి చూసుకుంట.

"నువ్వు చచ్చిపోతవా?" – నేను ఇప్పుడు బాగున్న. నాకు జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోతా. నిన్ను చూసుకోవడానికి అమ్మమ్మ ఉంది, పిన్ని ఉంది. (ఈ ప్రశ్న అడిగే పిల్ల సగం అడిగేది "నన్నెవరు చూసుకుంటరు" అనే. పేర్లు చెప్పండి.)

"కరోనా పోయిందా?" – పూర్తిగా పోలేదు. కానీ అప్పటంత ప్రమాదం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది, ఎనిమిదేళ్ల పిల్లకు ఆ సంగతి కూడా చెప్పొచ్చు.

"నేనెందుకు మాస్కు పెట్టుకోలే, అక్క పెట్టుకుంది?" – ఐదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు మాస్కు పెట్టొద్దని డాక్టర్లు చెప్పారు. చిన్నపిల్లలకు అది సరిగ్గా పెట్టుకోవడం, తీయడం రాదు కదా.

"నాయనమ్మ వేపాకు కట్టింది, అమ్మోరు కోపం వచ్చిందన్నది." – మన ఊళ్లలో ఇది తప్పకుండా వస్తుంది. పుస్తకాన్ని నాయనమ్మ మీదికి ఉసిగొల్పొద్దు. "నాయనమ్మ మనం బాగుండాలని మొక్కుకుంది. వైరస్ రాకుండా సబ్బు, మాస్కు, దూరం, సూది పని చేస్తయి. ఎవరి మీదా కోపంతోని జబ్బు రాదు" అనండి. నాయనమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది. వాళ్ల చిన్నప్పుడు తట్టు వస్తే ఏం చేసేవాళ్లో ఆమె చెప్తుంది, పిల్లకు జబ్బు కాలాలు వస్తాయి, పోతాయి అని ఆమె నోటి నుంచే తెలుస్తుంది.

8. పసుపు, నూనె ఆట

చేతులు ఎందుకు కడగాలో ఏ బొమ్మా ఇంత బాగా చెప్పదు. పుస్తకంలో చేతులు కడిగే పేజీ రాగానే లేచి ఇది చేయండి.

కావలసినవి: చిటికెడు పసుపు, అర చెంచా నూనె, చెంబెడు నీళ్లు, సబ్బు.

1. నూనెలో పసుపు కలిపి పిల్ల రెండు చేతులకూ రాయండి. "ఇదే వైరస్ అనుకుందాం."
2. ఉత్త నీళ్లతో కడగమనండి. నీళ్లు జారిపోతాయి, జిడ్డూ పసుపూ ఉండిపోతాయి.
3. సబ్బుతో 20 సెకన్లు రుద్దమనండి. వేళ్ల సందులు, గోళ్లు, బొటనవేలు మరవొద్దు. నెమ్మదిగా ఇరవై అంకెలు లెక్కపెడితే సరిపోతుంది.
4. కడిగాక జిడ్డు వదిలిపోతుంది.

కరోనా వైరస్ పైపొర కూడా కొవ్వుదే, సబ్బు దాన్ని విడగొడుతుంది. కాబట్టి ఈ ఆటలో మీరు చూపించేది నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. గోళ్లలో పసుపు రంగు కొంచెం మిగిలితే "వైరస్ పోలేదు" అని పిల్ల కంగారు పడొచ్చు. "జిడ్డు పోయింది, రంగే మిగిలింది" అని తడిమి చూపించండి.

9. మీ ఇంటి పుస్తకం తయారు చేయండి

కొన్న పుస్తకం తలుపు తీస్తుంది. పిల్ల తన కథ మొత్తం చెప్పేది మాత్రం తాను చేసిన పుస్తకంలోనే. ఖర్చు ఏమీ లేదు.

కావలసినవి: ఒక పెద్ద తెల్ల కాగితం, కత్తెర, పెన్సిల్, ఉన్న రంగులు, అట్ట కోసం పాత పెండ్లిపత్రిక, బంక. మాస్కు బొమ్మలకు రవిక గుడ్డ ముక్కలు అంటిస్తే పిల్లలకు ఎంతో ఇష్టం.

మడిచే వరుస:

1. కాగితాన్ని పొడవు వెంట సగానికి మడిచి విప్పండి.
2. ఇప్పుడు అడ్డంగా సగానికి, మళ్లీ అదే వైపు సగానికి మడిచి విప్పండి. ఎనిమిది గళ్లు కనబడతాయి.
3. అడ్డంగా ఒక్కసారి సగానికి మడవండి. మడత ఉన్న వైపు నుంచి మధ్య గీత వెంట ఒక్క గడి దూరం కత్తిరించి ఆపండి.
4. విప్పి, పొడవు వెంట మడిచి, రెండు కొసలూ పట్టుకుని మధ్యకు తోయండి. కోత తెరుచుకుని కూడిక గుర్తులా నిలబడుతుంది.
5. నాలుగు రెక్కల్నీ ఒకే వైపుకు తిప్పి అదమండి. అట్ట, ఆరు పేజీలు, వెనక అట్ట వచ్చేశాయి.

మడత అయ్యాకే బొమ్మలు గీయనివ్వండి. పరిచిన కాగితం మీద ముందే గీస్తే సగం పేజీలు తలకిందులవుతాయి. ప్రతి కొత్త టీచరూ ఇక్కడ ఒక కాగితం పాడు చేస్తారు.

ఆరు పేజీలకు ఆరు వాక్యాలు. పిల్ల చెప్తుంది, మీరు రాస్తారు, ఒక్క మాట కూడా మార్చకుండా. ముంబై నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబంలో ఆరేళ్ల పిల్లాడు చెప్పింది ఇలా ఉంది:

- ఇది మా ఇల్లు. మేము ఐదుగురం.
- బడికి తాళం ఏసిండ్రు.
- నాయన బొంబాయి నుంచి వచ్చిండు. చెయ్యి మీద ముద్ర ఉన్నది.
- నాయన కొట్టంల పన్నడు. నేను వాకిట్లనే నిలబడ్డ.
- అమ్మ రొట్టె గడప కాడ పెట్టింది.
- నాయన తానం చేసి నన్ను ఎత్తుకున్నడు.

నాలుగో పేజీలో వాడు వాకిట్లో ముగ్గు చుక్కల్లాగా పద్నాలుగు చుక్కలు పెట్టాడు, నాయన విడిగా ఉన్న రోజులకు. చదివిన ప్రతిసారీ చుక్కల మీద వేలు పెట్టి లెక్కపెట్టి, పద్నాలుగు దాటాకే పేజీ తిప్పేవాడు. మధ్యలో ఎవరన్నా తొందరపెడితే మళ్లీ మొదటి నుంచి.

పిల్ల "ఏం గీయాలో తెల్వదు" అంటే ఇల్లు ఒక్కటి గీయమని, "ఎవరెవరు ఎక్కడ పడుకున్నరు?" అని అడగండి. మిగతాదంతా దానంతట అదే వస్తుంది. నల్ల రంగుతో పేజీ అంతా నింపేస్తే ఆపొద్దు, "దీని గురించి చెప్తవా?" అని మాత్రం అనండి. చాలాసార్లు అది రాత్రే.

10. ఇంట్లో మనిషి పోయినప్పుడు

ముందు మూడు మాటలు సూటిగా చెప్పాలి: ఆయన చనిపోయాడు, అంటే శరీరం పనిచేయడం ఆగిపోయింది, నొప్పి లేదు, ఆకలి లేదు. తిరిగి రాడు. ఇందులో నీ తప్పు లేదు. ఆ తర్వాతే పుస్తకం. ఈ మూడూ చెప్పకుండా పుస్తకం చేతికిస్తే పిల్ల కథలోంచి తనకు కావలసిన అబద్ధం ఏరుకుంటుంది.

ఆ రెండేళ్లలో చాలా ఇళ్లలో చివరి చూపు దక్కలేదు. పిల్లలు "మరి తాత ఎక్కడికి పోయిండు, మనం చూడలే కదా" అంటారు. చూడలేకపోవడాన్ని కూడా ఒక పేజీ చేయండి. "మేము తాతను చూడలేకపోయినం. చూస్తే ఇది చెప్పేటోళ్లం" అని రాసి కింద ఖాళీ వదలండి. పిల్ల గీస్తే గీస్తుంది, లేకపోతే ఖాళీగానే ఉండనివ్వండి.

తాత గురించి నవ్వొచ్చే సంగతి ఒక్కటైనా పుస్తకంలో ఉండాలి. గుడాలు జేబులో పోసుకుని తినేవాడనో, సైకిలు బెల్లు కొట్టి పిలిచేవాడనో. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసి చదవొచ్చు. పిల్లకు ఆ రోజు చేయడానికి ఒక పని ఉంటుంది.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

పరీక్షలాగా అడగడం. "కథలో పాప పేరేంటి? మాస్కు ఎందుకు పెట్టుకోవాలి?" అని వరుసగా అడిగితే పిల్ల సరైన జవాబు చెప్పడం మీదే పడుతుంది, తన మాట లోపలే ఉంటుంది. ఒక్క పూట ప్రశ్నలు మానేసి మీకేమనిపించిందో మీరు చెప్పండి: "నాకైతే బడి మూసినప్పుడు టెన్షన్ అయింది."

ఫోన్ చేతికిచ్చి చూడమనడం. కథ ఫోన్‌లోనే ఉంటే ఫోన్ మీ చేతిలో ఉండాలి, పేజీ దగ్గర ఆగాలి. కుదిరితే ప్రింటు తీయించండి. నలుపు తెలుపులో తీస్తే ఇంకా మంచిది, రంగులు పిల్ల వేస్తుంది.

"ఇంక ఎప్పటికీ రాదు" అని మాట ఇవ్వడం. ఇచ్చేశారా? రేపే దిద్దుకోండి: "నిన్న తప్పు చెప్పిన. రావచ్చు. వస్తే ఏం చేయాలో మనకు ఇప్పుడు తెలుసు." పిల్లలు దిద్దుకున్న పెద్దవాళ్లను నమ్ముతారు.

గుంపులో ఒక పిల్ల ఇంటి సంగతి బయటపెట్టడం. "మీ ఇంట్ల గూడ అట్లనే అయింది కదా" అని అందరి ముందు అనొద్దు. నేను ఒకసారి అన్నాను. ఆ పిల్ల వారం రోజులు నా పక్కకు రాలేదు. అంగన్‌వాడీలో అయితే పుస్తకంలోని పిల్ల గురించే మాట్లాడండి, ఎవరి ఇంటి మాట వాళ్లు విడిగా వచ్చి చెప్పనివ్వండి.

ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ అడుగుతోందని విసుక్కోవడం. ముప్పైసార్లు అడిగినా చదవండి. ఏ పేజీ దగ్గర ఎక్కువ ఆగుతుందో గమనించండి. కొన్ని రోజులకు ఆ పేజీ తొందరగా దాటితే లోపల ఏదో సర్దుకుంది.

12. పుస్తకంతో కానిది

కొన్ని గుర్తులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే పుస్తకం మీదే ఆధారపడొద్దు:

- మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే
- అన్నం, నిద్ర బాగా తగ్గితే
- అమ్మ చెంగు వదలకుండా, బడికి పోకుండా ఉంటే
- చేతులు చర్మం పగిలేలా కడుగుతూనే ఉంటే
- మాట బాగా తగ్గిపోతే, ఆటలో అదే చావు సన్నివేశం రోజూ వస్తుంటే

ఆశా కార్యకర్తకు చెప్పండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. పిల్లను చూసుకునేవాళ్లు లేకపోయినా, పిల్లకు ఎవరి వల్లనైనా ప్రమాదం ఉన్నా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. రెండింటికీ డబ్బులు పడవు.

పోయేటప్పుడు పిల్ల చేసిన పుస్తకం వెంట తీసుకెళ్లండి. కొత్త మనిషి ముందు పిల్ల నోరు విప్పకపోవచ్చు, పేజీలు మాత్రం తిప్పుతుంది. ఏ పేజీ ఏ రోజు గీసిందో వెనక చిన్నగా తేదీ వేసి ఉంచితే, భయం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు పెరిగిందో డాక్టరుకు దాన్ని చూసే తెలుస్తుంది.